బడికి ఇంగ్లీషు సరే.. దఫ్తరుకు ఎవరి భాష?

(నిర్మల్‌లో విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషునే ఈ దేశానికి అధికార భాష చేస్తే లొల్లి ఒడుస్తది గదా అనే వాదన ఒకటి ఉన్నది. హిందీ పెత్తనం ఉండదు, అందరికీ సమానం అంటరు. ఈ మాటను తేలికగా తీసిపారెయ్యొద్దు. అట్లని గుడ్డిగా తలూపొద్దు. దఫ్తరు భాష మారినప్పుడల్లా ఎవరు లోపల కూసున్నరో, ఎవరు గడప బయట నిలబడ్డరో అనుభవించి చూసిన గడ్డ మనది.

పాత ముచ్చట యాది చేసుకుందాం. నిజాం రాజ్యంలో 1880ల దాకా దఫ్తరు భాష ఫార్సీ. తర్వాత ఉర్దూ వచ్చింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టిండ్రు. తెలుగు, మరాఠీ, కన్నడ, గోండీ మాట్లాడే జనానికి ఇంట్ల ఒక భాష, కచేరీల ఒక భాష అయింది. కష్టపడి ఉర్దూ నేర్చి కొలువు సంపాదించుకునే సరికి 1948లో పోలీసు చర్య జరిగింది. దఫ్తర్లల్ల ఇంగ్లీషు వచ్చి కూసుంది. నిన్నటి చదువుకున్నోడు తెల్లారేసరికి చదువురానోడయిండు. బయట ఇంగ్లీషు చదివినోళ్లు వచ్చి కుర్చీలు నింపిండ్రు. ఆ మంటలోంచే 1952 ముల్కీ ఉద్యమం లేచింది. చదువుల ముందున్న కోస్తా ప్రాంతం మమ్మల్ని మింగేస్తదేమోనన్న తెలంగాణ భయాన్ని 1955లో ఫజల్ అలీ కమిషన్ కూడా రాసింది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ పాలనలో, కోర్టుల్లో ఉర్దూ స్థానం మరో ఐదేండ్లు ఉండాలన్న మాట ఊరికే రాలేదు.

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చి తెలుగును గద్దెనెక్కించింది. ఏ తెలుగు? పహాణీ, దరఖాస్తు, కాస్తు, కబ్జా అని మాట్లాడే మన రైతు తెలుగు కాదు. పుస్తకాల తెలుగు. అది తెలుగే అయినా మన అయ్యకు చదివి చెప్పేటోడు కావాల్సి వచ్చింది.

ఢిల్లీ సంగతి చూద్దాం. 1950 రాజ్యాంగం 343వ అధికరణంలో హిందీని అధికార భాష అని రాసి, ఇంగ్లీషుకు పదిహేనేండ్లు గడువిచ్చింది. ఆ గడువు ముగిసిన 1965లో మద్రాసు రాష్ట్రం విద్యార్థులు రోడ్డెక్కిండ్రు. 1967లో చట్టం సవరించి ఇంగ్లీషును కొనసాగించిండ్రు. హిందీని రుద్దుడు తప్పని వాళ్లు చెప్పింది నిజం. కని ఒకరి పెత్తనం ఆగినంత మాత్రాన జనం భాషకు పీట పడ్డట్టు కాదు.

అయితే ఇంగ్లీషు వద్దా? ఆ మాట మేము అనం. తమ పిల్లలను కాన్వెంటుకు తోలి, ఊరి పిల్లలకు మాతృభాష మహిమ చెప్పే పెద్దలను మేము నమ్మం. బహుజన బిడ్డలకు ఇంగ్లీషు చదువు కావాలని కంచ ఐలయ్య లాంటి వాళ్లు ఏండ్ల నుంచి అడుగుతున్నది న్యాయమే. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. బీడీలు చేసే తల్లి బిడ్డ ఇంగ్లీషులో గడగడ మాట్లాడితే మనకంటే సంబురపడేటోళ్లు ఎవరు?

కని బడి భాష వేరు, సర్కారు భాష వేరు. బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటే బిడ్డ పైకి పోతది. సర్కారు ఇంగ్లీషులో మాట్లాడితే తల్లి కిందికి పోతది. ఇంగ్లీషు ఒక్కటే అధికార భాష అంటే, జనం భాష నేర్చుకునే బాధ్యత నుంచి సర్కారు తప్పించుకునుడే. భూమి తగాదా మీద హైకోర్టు మెట్లెక్కిన రైతు సంగతి ఆలోచించుండ్రి. 348వ అధికరణం ప్రకారం అక్కడ నడిచేది ఇంగ్లీషు. గెలిచిండో ఓడిండో వకీలు మొఖం చూసి తెలుసుకోవాలె. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇస్తే అది వార్త అయింది. మన భాషలో మనకు తీర్పు రావడమే వార్త అయిందంటే ఎంత దూరం ఉన్నమో తెలుస్తలేదా?

ఇగ ఒక చేదు మాట. 1860లో రాంజీ గోండును ఉరి తీసిన నిర్మల్ గడ్డ మీద నిలబడి ఇది చెప్పకపోతే తప్పయితది. 1940లలో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు పిల్లలకు వాళ్ల భాషలో చదువు మొదలుపెట్టించిండు. గుంజాల గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో గోండీకి ఇంకా చోటు లేదు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసుకున్నం, మంచిదే. మరి ఉట్నూరు ఏజెన్సీ గోండు తల్లికి మన తెలుగే ఇంగ్లీషు లెక్క గదా! మనకు జరిగిన అన్యాయం మనం ఇంకొకరికి చేస్తున్నమా అని సోయి తెచ్చుకోవాలె.

ఉద్యోగ మిత్రులకు ఒక్కటే మనవి. ఫైలు పైకి ఏ భాషలో పోయినా, జనం చేతికిచ్చే కాయితం వాళ్లకు తెలిసిన మాటల్లో ఉండాలె. విద్యార్థులారా, ఇంగ్లీషు గట్టిగా నేర్వుండ్రి. నేర్చి, ఊరికి వచ్చి, అమ్మ చేతిలోని కాయితం ఎందుకు ఇంగ్లీషులో ఉన్నదని అడుగుండ్రి.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మన భాషల్లో సర్కారు ఇంకా రావాలె. దానికీ కొట్లాట తప్పదు.

జై తెలంగాణ!