నిజ్వా మేకల అంగడి

మా ధర్మపురి ప్రాంతమున వారమున కొకనాడు జరుగు సంతను అంగడి యందురు. కోస్తా జిల్లాలవారికి ఆ పదము వినినంతనే దుకాణము స్ఫురించును. ఒకే పదమున కీ రెండర్థము లుండుటచేత నొక వృద్ధోపాధ్యాయుడు ధర్మసంకటమునుండి సగము గట్టెక్కెననియు, తక్కిన సగములో మునిగెననియు జెప్పినచో శ్రోతలు నవ్వవచ్చును. ఆ ఉపాధ్యాయుడను నేనే. ఆ వృత్తాంతమునే నేడు మనవిచేయుదును.

ఉద్యోగవిరమణము చేసిన పిమ్మట నేను మా కుమారునియొద్ద ఒమాను దేశపు రాజధానియగు మస్కటులో ఎనిమిది నెల లుంటిని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములవారికి మస్కటు, దుబాయి అను పేరులు పొరుగూళ్ళ పేరులవంటివి. అయినను నేను చూచిన మస్కటు వేరు, మావారిలో పెక్కురు చూచిన మస్కటు వేరు. నేను శీతలయంత్రపు గాలిలో గూర్చుండి భాగవతము చదువుకొనుచుంటిని. వారు వెలుపల నెండలో నిటుకలు మోయుచుండిరి. ఈ రెండు మస్కటుల నడుమ నొక కిటికీ అద్దము మాత్రమే అడ్డముగా నుండెను.

ఒక శుక్రవారమునాడు తెల్లవారకముందే మా అబ్బాయి నన్ను నిజ్వాకు దీసికొనిపోయెను. నిజ్వా పచ్చకొండ యను నర్థమిచ్చు జబల్ అఖ్‌దర్ పర్వతపాదమున నున్న ప్రాచీననగరము. 14వ శతాబ్దిలో లోకసంచారియగు ఇబ్న్ బతూతా యిచ్చటికి వచ్చి, తోటలను, సెలయేళ్ళను, అందమైన బజారులను జూచి మెచ్చుకొనెను. 17వ శతాబ్దిలో ఇమాము సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన కోట గుండ్రని బురుజు నేటికిని ఊరినంతను గాచుచున్నట్లు నిలిచియున్నది.

ఎడారిదేశమున నిన్ని ఖర్జూరపుతోట లెట్లు పెరిగినవని యడిగితిని. ఫలజ్ అనబడు కాలువలచేతనట. కొండయడుగున నున్న నీటిని వాలుగా ద్రవ్విన సొరంగములగుండ ఊరికి దెచ్చి, ఒక్కొక్క తోటకు నింతకాలమని వంతులు పెట్టి పంచుదురు. పూర్వము పగలు నీడనుబట్టియు, రాత్రి నక్షత్రములనుబట్టియు నా వంతులను గొలిచెడివారు. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌ను మరి నాలుగు కాలువలతోగూడ 2006లో ప్రపంచ వారసత్వసంపదగా యునెస్కో గుర్తించెను. మన చెరువులక్రింద మడులకు నీరు వదలు నీరటికాడు నాకు జ్ఞాపకము వచ్చెను. నీరు తక్కువయైన చోట న్యాయము ఎక్కువ కావలెను గదా!

కోటగోడప్రక్కనే శుక్రవారపు పశువుల అంగడి. కప్పుగల గుండ్రని తిన్నె యొకటి, దానిచుట్టును బాట, బాట కావలివైపున మరియొక జనవలయము. కొనువారు లోపలను వెలుపలను బారులు తీరియుందురు. అమ్మువారు మేకల మెడత్రాళ్ళు పట్టుకొని, ధర కేకవేయుచు, బాటపై గుండ్రముగా దిరుగుదురు. చిన్నపిల్లలనైతే చంకనెత్తుకొందురు. కొనదలచినవాడు చేయెత్తి యాపి, నోరు తెరచి పండ్లు చూచి, వెన్ను తడవి, పొదుగు పట్టి పరీక్షించి, ధర చెప్పును. అమ్మువా డా ధరనే కేకవేయుచు మరల సాగిపోవును. తెల్లని నిలువుటంగీల ముసలివారు, నడుమున వెండియొరల వంపుకత్తులు, ముఖములపై ముసుగులు ధరించిన ఎడారిజాతి స్త్రీలు, దుమ్ము, అరపులు! ఫాల్గుణమాసమున మా నరసింహస్వామి బ్రహ్మోత్సవములనాడు బ్రహ్మపుష్కరిణి చుట్టును గాజులవారు, బొమ్మలవారు, చక్కెరపేరుల వారు చేయు సందడియే నా చెవులకు వినబడెను. భాష తెలియకున్నను బేరము తెలియును.

ఆ వలయములో రెండు నల్లమేకలను బట్టుకొని, అరబ్బీలో ధర కేకవేయుచు దిరుగుచున్న యొక నడివయస్కుడు నన్ను జూచి చటుక్కున నాగెను. వెనుక వచ్చువారు కసరుకొనిరి. అతడు లెక్కచేయక, త్రాళ్ళు చేతనుండగనే వంగి నా పాదములంటెను.

“సారూ, నన్ను గుర్తువట్టిన్రా?”

గుర్తుపట్టలేదు. అతడు ఊరిపేరు, తండ్రిపేరు చెప్పెను. గోదావరియొడ్డున మాకు నాలుగామడల లోపలి గ్రామము. తొమ్మిదవ తరగతిలో నాయొద్ద తెలుగు చదివి, నడుమ బడి మానినవాడు. అప్పుడతడు నవ్వుచు ననిన మాట యిది: “మీరన్నట్టే అయ్యింది సారూ. మేకల్నే కాస్తున్న.”

శ్రోతలారా, పద్యము వప్పగింపని పిల్లవానిని “నీవు మేకలు కాచుకొనుటకే తగుదువు” అని గద్దించుట మా వృత్తిలో నొక యలవాటు. దానిని నేనెన్నిమారు లెందరి నంటినో లెక్కలేదు. ఆ బాలుని తండ్రి గొఱ్ఱెల కాపరియని నాకు దెలియును. తెలిసియు నంటిని. తండ్రి చేయు పనినే కొడుకునకు దండనగా జెప్పితినని యా దినమువరకు నాకు దోచలేదు.

“నేనన్న మాటకే బడి మానితివా?” యని యడిగితిని. “లేదు సారూ, బోరుబావి అప్పుకు” అని యతడు బదులిచ్చెను. నిజమే చెప్పెనో, గురువు నొచ్చుకొనునని చెప్పెనో, నేటికిని నేనెఱుగను.

బేరము ముగిసిన తరువాత టీ త్రాగుచు దనకథ చెప్పెను. పదవతరగతి గట్టెక్కనివాడు గల్ఫునకు పనికి బోవలెనన్నచో, 1983 నాటి వలసచట్టమునుబట్టి, ముందుగా బ్రభుత్వపు టనుమతి పొందవలసి యుండెను. దళారి యా పనికిని, వీసాకును గలిపి సొమ్ము లాగెను. నూటికి నెలకు మూడురూపాయల వడ్డీకి దెచ్చిన యప్పు తీరుటకే నాలుగేండ్లు పట్టెను. యజమాని మంచివాడు. పదునొకండేండ్లలో చెల్లెలి పెండ్లి యయ్యెను, ఇల్లు లేచెను, తండ్రి గతించెను. అంత్యక్రియలకు బోలేకపోయెను. మేకపన్ను చూచి వయసు చెప్పుటలో నతనిమాటకు తిరుగులేదని ప్రక్కనున్న అరబ్బువృద్ధుడు చేసైగతో దెలిపెను.

లేచునప్పుడు ఖర్జూరపు పొట్లమొకటి, తల్లికీయుమని కొంత సొమ్ము నాచేతిలో బెట్టి, మెల్లగా ననెను: “మేకల సంగతి మా అమ్మకు చెప్పకున్రి సారూ. దుకాణంల పని అని చెప్పిన.”

ధర్మపురికి బోయినవానికి యమపురి లేదని మావైపు నానుడి. అట్టి యూరివాడను, జీవితమంతయు సత్యమును బోధించినవాడను, అబద్ధము మోసికొని పోవలసివచ్చెను. విమానములో దీర్ఘాలోచన చేసితిని. తుదకు నాకు భాషయే దిక్కయ్యెను.

ఇల్లు చేరిన మూడవనాడు ఆ తల్లికడకు బోయి, “నీ కొడుకు అంగడిలో పనిచేయుచున్నాడమ్మా. అచ్చట నందరు నతనిమాటకు విలువనిత్తురు” అంటిని. ఆమె దుకాణమనుకొన్న ననుకొనుగాక! నేను మాత్రము సంతయనియే చెప్పితిని. కురుక్షేత్రమున సగము బిగ్గరగా, సగము మెల్లగా బలికిన ధర్మరాజు రథము నాలుగంగుళములు దిగి నేలనంటెనట. నా కాళ్ళక్రింది నేలయు గొంత క్రుంగినట్లే తోచెను.

ఆమె ఖర్జూరములను కొంగున మూటగట్టుచు, తల యెత్తకయే, ఇట్లనెను: “నాకు ఎన్నడో ఎరుకే సారూ. ఆడికెల్లి వచ్చినోళ్ళు చెప్పిన్రు. మేకల కాసుడు దొంగతనమా? వాళ్ళ నాయిన కాయలేదా? ఆ పైసలతోనే గద వాన్ని మీ బడికి తోలింది. వానికి సిగ్గెందుకో నాకు సమజైతలేదు.”

ఆ సిగ్గు ఎచ్చట నేర్చెనో నాకు దెలియును. ఆ తల్లికి జెప్పితిని. నా తరగతిలో నేనన్న మాటను, ఉన్నదున్నట్లు, ఆమె యెదుట నిలిచి యొప్పుకొంటిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత చల్ల తెచ్చి యిచ్చి, “త్రాగున్రి సారూ, ఎండవడి వచ్చిన్రు” అనెను. అది క్షమయో, మర్యాదయో నేను నిర్ణయింపజాలను. త్రాగితిని.

ఆ రాత్రియే నిజ్వాకు ఫోనుచేసి, “మీ అమ్మకు సంగతి తెలియును నాయనా, ఇక దాచకుము” అని చెప్పితిని. అవతల చాలసేపు మాట లేదు. మేకల యరపు మాత్రము వినబడెను.

ఈ ప్రసంగమును వినుచున్న యుపాధ్యాయు లెవరైన నున్నచో వారికి నా మనవి యొక్కటే. పిల్లలను గద్దింపుడు, పద్యమును పదిమారులు వ్రాయింపుడు. వాని యింటివారి కూటిపనిని మాత్రము బెత్తముగా జేయకుడు. ఆ దెబ్బ సముద్రము దాటిపోయినను మానదు.