ఎమ్మారై చూస్తూ ముక్క తీసే సూది ఎందుకు వేరు?
(రోగుల సహాయకుల కోసం చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



"బయాప్సీకి సూదే కదా, అంత ఖరీదెందుకు? సన్నటి సూదితో తీస్తే సరిపోదా?" అని మీలో చాలామంది అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే.

గడ్డ అల్ట్రాసౌండ్‌లో కనబడితే దాని సాయంతోనే ముక్క తీస్తారు. అది సులువు, ఖర్చూ తక్కువ. కాని రొమ్ములో, ప్రోస్టేట్ గ్రంథిలో కొన్ని చిన్న మచ్చలు ఎమ్మారైలో తప్ప కనబడవు. అప్పుడే ఎమ్మారై చూస్తూ ముక్క తీయవలసి వస్తుంది.

ఎమ్మారై యంత్రం పెద్ద అయస్కాంతం. 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. మామూలు స్టీలు సూదిని అది లాగవచ్చు. అంతేకాదు, బొమ్మలో సూది చుట్టూ పెద్ద నల్లని నీడ పడుతుంది. చిన్న గడ్డ ఆ నీడలో మునిగిపోతే సూది మొన గడ్డలో ఉందో, పక్కన ఉందో డాక్టరుగారికి తెలియదు. పక్కనున్న మంచి భాగం ముక్కగా వస్తే రిపోర్టులో "క్యాన్సర్ లేదు" అని ఉంటుంది. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.

అందుకే ఈ సూదులను వేరే లోహాలతో చేస్తారు. టైటానియం సూదికి నీడ తక్కువ. కాని అది స్టీలంత గట్టిది కాదు, పదునూ అంతగా నిలవదు. నికెల్ ఎక్కువగా కలిపిన లోహపు సూది గట్టిగా ఉంటుంది, నీడ కాస్త ఎక్కువ. అసలు నీడే లేకపోయినా కష్టమే, సూది ఎక్కడుందో కనబడాలి కదా! సూదిని అయస్కాంత దిశకు అడ్డంగా గుచ్చితే నీడ లావవుతుంది, అదే దిశలో గుచ్చితే సన్నబడుతుంది. ఇవన్నీ చూసే సూదిని ఎంచుకుంటారు.

ఇక లావు సంగతి. గేజి నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 18 గేజి సుమారు 1.2 మిల్లీమీటర్లు, 14 గేజి సుమారు 2.1 మిల్లీమీటర్లు. మరీ సన్నని సూదితో వచ్చే కొద్దిపాటి కణాలు పరీక్షకు చాలకపోవచ్చు. రొమ్ముకు ఇంకా లావుపాటి, ముక్కను లోపలికి పీల్చుకునే సూది వాడుతుంటారు. ఆ చోట మత్తు ఇచ్చే చేస్తారు, భయపడకండి.

మీరు చేయవలసినవి:

1. రోగికి పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, కంట్లో ఇనుప రజను ఉంటే ముందే చెప్పండి.

2. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే చెప్పండి. మీ అంతట మీరు ఆపవద్దు.

3. పిలవకుండా ఎమ్మారై గదిలోకి వెళ్లవద్దు. స్కాన్ జరగనప్పుడు కూడా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో రోగికి తోడుగా వచ్చిన ఒక బంధువు ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు.

4. రిపోర్టు మంచిగా వచ్చినా డాక్టరుగారు మళ్లీ ముక్క తీయాలంటే డబ్బు కోసమని అనుమానించకండి. స్కాన్‌కూ రిపోర్టుకూ పొంతన కుదరనప్పుడు అలా అడుగుతారు. కారణం అడిగి తెలుసుకోండి, పరీక్షను మాత్రం వాయిదా వేయకండి.