మద్యనిషేధము – స్త్రీల వోటు



నేను కళ్యాణదుర్గమువాడను. 30 ఏండ్లకు పైగా బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. మా సీమ వానకు మొగము వాచిన సీమ. ఏడాదికి సగటున 22 అంగుళముల వర్షము. అదియును వేళకు పడదు. వేరుసెనగ పండిననాడు పండుగ, ఎండిననాడు వలస. ఇట్టి చోట ఇంటికి చేరవలసిన కూలిడబ్బు త్రోవలోని సారాయి అంగడిలో చెల్లిపోయినచో ఆ రాత్రి పొయ్యి వెలుగదు. ఈ మాట నాకు గ్రంథములు చెప్పలేదు. ఒక స్త్రీ చెప్పినది.

అది 1991వ సంవత్సరము. మా ప్రాంతమున నొక గ్రామములో నేను పనిచేయుచుంటిని. ఆ యూరి సారాయి అంగడి బడికి ఎదురుగనే యుండెను. ఒకనాటి సాయంకాలము రచ్చకట్టకడ పెద్దలు కూడియుండగా ఒక కూలిస్త్రీ వచ్చి, ఎడముగా నిలిచి యిట్లడిగెను: "అయ్యా, పొద్దంతా కలుపు తీసిన దుడ్లు ఆయన తాగేసొచ్చినాడు. ఇంట్లో గింజ లేదు. ఆ అంగడి ఊర్లో ఉండల్లని ఎవరు తీర్మానం చేసినారు? మమ్మల్ని అడిగినారా?"

పెద్దలలో నొకరు, "ఆడదానికి రచ్చకట్ట కాడ ఏం పని?" అనిరి. తక్కినవారు మౌనము వహించిరి. ఆ మౌనము వహించినవారిలో నేనును ఒకడను. ఆమె కొంతసేపు నిలిచి, వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు నిదుర రాలేదు. నేను బాలురకు ఏటేట చెప్పు భారతకథ జ్ఞప్తికి వచ్చెను. జూదమున సర్వస్వము నోడినవాని యిల్లాలు నిండుసభలో నొక ధర్మసందేహ మడిగినది. తన్ను తానే పోగొట్టుకొన్నవానికి నన్ను పణముగా నొడ్డు అధికార మెక్కడిదని ఆమె ప్రశ్న. విదుర వికర్ణులు దక్క పెద్దలెవ్వరును ధర్మము నిలుపజాలరైరి. మద్యమును గూర్చి మన పూర్వులకు తెలియక పోలేదు. సురతో కలిసిన కచుని భస్మమును త్రాగి, పిదప పశ్చాత్తప్తుడై శుక్రాచార్యుడు సురాపానమునకు శాపమిచ్చెను. యాదవులు మత్తులో నొకరినొకరు కొట్టుకొని నశించిరి. ఇంత తెలిసియు, మద్యమువలన నష్టపోయిన యిల్లాలికి సభలో చోటీయమైతిమి. ఆ చోటునకే నేడు వోటని పేరు.

ఈ రెండు ఉద్యమములును తోబుట్టువులని లోకచరిత్రము చెప్పుచున్నది. న్యూజీలాండు దేశమున మద్యమును మాన్పింపబూనిన స్త్రీలు, శాసనసభ్యులు తమ మాటను లక్ష్యపెట్టకుండుట జూచి, వోటు లేనివారి మొఱ అరణ్యరోదనమని గ్రహించిరి. కేట్ షెప్పర్డు అను నామె నాయకత్వమున సుమారు 32 వేలమంది స్త్రీలు అర్జీలపై చేవ్రాళ్లు చేయగా, 1893లో ఆ దేశపు స్త్రీలకు వోటు లభించెను.

మన దేశమునకు వత్తము. 1917లో మద్రాసులోని అడయారున భారతమహిళాసంఘ మేర్పడెను. దానికై పాటుపడిన మార్గరెట్టు కజిన్సమ్మ మన మదనపల్లెయందు నివసించిన విదుషీమణి. ఆ యేటి డిసెంబరులో, హైదరాబాదున జన్మించిన సరోజినీదేవి ముందుండి నడుపగా, స్త్రీలు మాంటేగు దొరను దర్శించి వోటుహక్కు కోరిరి. 1921లో మద్రాసు శాసనసభ బ్రిటిషుపాలిత రాష్ట్రములలో నన్నిటికంటె ముందుగా స్త్రీలకు వోటు నీయ నిశ్చయించెను. కాని అది ఆస్తిగలవారికే. కలుపు తీయు స్త్రీకి కాదు. ఆ వోటులేని స్త్రీలకే 1930లో గాంధీమహాత్ముడు కల్లుసారాయి దుకాణములకడ పికెటింగు పని నప్పగించెను. మద్రాసు రాష్ట్రమున 1937లో సేలము జిల్లాయందు మొదలైన మద్యనిషేధము, నడుమ ఆగినను, 1948 నాటికి రాష్ట్రమంతట వ్యాపించి, తరువాతి కాలమున తొలగింపబడెను.

1950లో మన రాజ్యాంగము అమలునకు వచ్చెను. అందు 326వ అధికరణము వయస్సు వచ్చిన ప్రతివారికిని వోటు నిచ్చినది. 47వ అధికరణము మద్యనిషేధమునకై యత్నింపుమని ప్రభుత్వమునకు చెప్పినది. అయితే మొదటిది హక్కు, రెండవది హితోపదేశము. హితోపదేశమునకై ఎవరును న్యాయస్థానమున దావా వేయజాలరు. దానిని నడిపింపవలసినది వోటే. పైగా 1952 నాటి తొలి ఎన్నికలలో దేశమున సుమారు 28 లక్షలమంది స్త్రీలు తమ పేరు చెప్పక "ఫలానివాని భార్యను, ఫలానివాని తల్లిని" అని చెప్పుటచే జాబితాలనుండి తొలగింపబడిరి. హక్కున్నను, పేరు లేనిది అది చేతికందదు.

ఈ సంగతి నాకు మా రాత్రిబడిలో ప్రత్యక్షమైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరములు నేర్చుచు, వాచకములోని సీతమ్మకథ చదివి, వర్ధినేని రోశమ్మ మొదలైనవారు ముందు నడువగా తమ యూరి సారాయి నాపించిరి. ఆ వార్త విన్న కొలదినాళ్లకు, నాడు రచ్చకట్టకడ ప్రశ్నించిన స్త్రీ పదిమందిని వెంటబెట్టుకొని రాత్రిబడికి వచ్చి, "అయ్యవారూ, అర్జీ మీరు రాసియ్యండి. సంతకాలు మేమే చేస్తాం" అనెను. రెండు నెలలు పలకలు దిద్దిరి. ఒక్కరును వేలిముద్ర వేయలేదు. ఆమె చేవ్రాలు అర్ధపుట ఆక్రమించినది. ఒక వత్తు తప్పినది. నేను దిద్దలేదు.

ఆ యర్జీకి ప్రత్యుత్తరము రాలేదు. కాని ఊరూర స్త్రీలు వేలముపాటల నడ్డగించుటచే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. 1994 డిసెంబరు ఎన్నికలలో నేను వేరొక గ్రామమున వోటింగు పనికి పోయితిని. తెల్లవారకమున్నే స్త్రీలు బారులు తీరిరి. తరువాత, 1995 జనవరిలో సంపూర్ణనిషేధము వచ్చెను. రెండేండ్లకే, 1997లో, రాబడి తగ్గెననియు దొంగసరకు పెరిగెననియు దానిని సడలించిరి. మా సీమకు పొరుగురాష్ట్రము చేరువ. ఎల్ల దాటి సరకు వచ్చుట మే మెఱిగినదే. దానిని పట్టి యీయదగినవార మయ్యును ఊరివారము ఊరకుంటిమి. వోటు శాసనము తేగలదు. దానిని కాపాడవలసినది గ్రామము.

పెద్దలారా, నేడు మన పంచాయతులలో సగము స్థానములు స్త్రీలవి. కాని పెక్కుచోట్ల ఆమె యింటనుండగా ఆమె కుర్చీలో భర్త కూర్చుండును. అట్లు జరుగనీయకుడు. మీ గ్రామసభలో స్త్రీలను ముందువరుసను కూర్చుండబెట్టుడు. మద్యపు దుకాణమును గూర్చి మొదట వారి నడుగుడు. ప్రశ్నించినచో ప్రత్యుత్తర మిండు. ప్రత్యుత్తరము తెలియకున్న తెలియదని యైన చెప్పుడు. మౌనము మాత్రము వలదు. ఆనాటి నా మౌనము ఇన్నేండ్లైనను నన్ను విడువలేదు. మీకట్టి బరువు కలుగకుండుటకే ఈ నాలుగు మాటలు.