గేరు సరిగా మారట్లేదా? గేర్‌బాక్స్ దింపించే ముందు ఇవి చూడండి

ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో పాత ఆటోమేటిక్ కార్లు కొనేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేక కొందరు, అమ్మకో నాన్నకో మోకాళ్ల నొప్పులని కొందరు. అంతా బాగానే ఉంటుంది. ఒకరోజు గేరు మారేటప్పుడు ధడ్‌మని కొడుతుంది. లేదంటే డీలో పెట్టాక రెండు మూడు సెకన్ల దాకా బండి కదలదు. గ్యారేజ్‌కి వెళ్తే ఒకటే మాట: "గేర్‌బాక్స్ పోయింది సార్, దింపాలి." ఆ ఎస్టిమేట్ చూసి కారే అమ్మేసినవాళ్లు ఉన్నారు.

దింపడం ఆఖరి పని. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే లాగ్స్ కూడా చూడకుండా ప్రాజెక్ట్ మొత్తం తిరగరాస్తామా? లేదు కదా. ఇక్కడా అంతే.

ముందు మీ కారులో ఏ రకం ఆటోమేటిక్ ఉందో తెలుసుకోండి. 2014లో వచ్చిన సెలెరియోలో ఉన్నది ఏఎంటీ. అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, కాకపోతే క్లచ్ తొక్కి గేరు వేసే పని మీ బదులు ఒక యంత్రం చేస్తుంది. గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగడం దాని స్వభావం, జబ్బు కాదు. పాత ఐ10 ఆటోమేటిక్‌లో ఉన్నది టార్క్ కన్వర్టర్, నాలుగు గేర్లు. అది నున్నగా మారాలి. అందులో అలా ఊగితే అనుమానించాల్సిందే. సీవీటీ పూర్తిగా వేరే కథ, బెల్టూ పుల్లీలూ. దాన్ని ఇంకో వీడియోలో చూద్దాం. ఈరోజు టార్క్ కన్వర్టర్ వరకే.

"గేరు సరిగా పడట్లేదు" అని మెకానిక్‌తో చెప్పడమంటే, "యాప్ పనిచేయట్లేదు" అని టికెట్ వేసినట్టే. ఎప్పుడు? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, అరగంట నడిపాకా? ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడా, పై గేర్లలోనా? ఆర్‌పీఎం లేస్తోంది కానీ స్పీడ్ పెరగట్లేదా? అది స్లిప్, సీరియస్. డీ నుంచి ఆర్‌కి మార్చగానే ధడ్ అంటే మాత్రం ఇంజిన్ మౌంట్ రబ్బరు పోయినా అదే దెబ్బ వినిపిస్తుంది. పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి మీటర్‌ని ఫోన్‌లో వీడియో తీయించండి. నడుపుతూ మీరు తీయొద్దు ప్లీజ్.

తర్వాత బ్యాటరీ. ఇంజిన్ ఆఫ్‌లో ఉంటే 12.6 వోల్టుల దగ్గర, నడుస్తుంటే 14 దగ్గర ఉండాలి. గేర్లు మార్చమని చెప్పేది ఒక కంప్యూటర్, ఆయిల్‌ని దారి మళ్లించేవి కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్లు. టెర్మినల్స్ లూజుగా ఉన్నా, బూజు పట్టినా గేర్లు పిచ్చిగా ప్రవర్తిస్తాయి.

ఇప్పుడు లాగ్స్. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో చదవొచ్చు. పీ0700 అని వస్తే కంగారు పడకండి. "గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, వెళ్లి చూడు" అని దానర్థం, అంతే. చాలా చీప్ అడాప్టర్లు అక్కడే ఆగిపోతాయి. అసలు కోడ్ చదవడానికి మంచి స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. పీ0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ వైపు, పీ0720 అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ వైపు చూపిస్తాయి. పీ0730 అంటే గేరు నిష్పత్తి తప్పింది. లోపల స్లిప్ ఉండొచ్చు, ఆయిల్ తక్కువైనా రావొచ్చు. ఏ కోడ్ వచ్చినా క్లియర్ కొట్టే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. సాక్ష్యం చెరిపేసి దొంగని వెతికితే ఎలా?

మా బాబాయి కారు ఇలాగే మూడో గేరులో ఇరుక్కుంది. సిగ్నల్ దగ్గర కదలాలంటే ఎద్దుబండి లాగినట్టే. అది లింప్ మోడ్. కంప్యూటర్‌కి ఏదో నమ్మకం కుదరకపోతే, మీరు ఇంటికి చేరితే చాలని ఒకే గేరులో ఉంచేస్తుంది. ఒక గ్యారేజ్ గేర్‌బాక్స్ మార్చాలంది. స్కాన్ చేయిస్తే పీ0720. కనెక్టర్ ఊడదీస్తే పిన్నులు తుప్పు పట్టి ఉన్నాయి. క్లీన్ చేసి, సెన్సర్ మార్చారు. గేర్‌బాక్స్ దించనే లేదు. ఆ బండి ఇంకా తిరుగుతోంది.

అలాగని ప్రతిసారీ అంత సులువుగా తేలదు. అది ఆయిల్ చెప్తుంది. డిప్‌స్టిక్ ఉన్న కార్లలో చాలావరకు బండి బాగా వేడెక్కాక, ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూడాలి. కొన్నిటిలో ఆఫ్ చేసి చూడాలి, కాబట్టి మాన్యువల్ చదవండి. డిప్‌స్టిక్ లేకపోతే లిఫ్ట్ మీదే. కొత్త ఆయిల్ ఎక్కువగా ఎర్రగా ఉంటుంది. పాతబడితే గోధుమ రంగు, పర్లేదు. నల్లగా మారి మాడిన వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలాయి. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి, బండి స్టార్ట్ కూడా చేయొద్దు. లెవెల్ తగ్గిందంటే ఎక్కడో లీకుంది. ఈ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా ఖర్చవదు.

మాడిన వాసనా ఉండి స్లిప్ కూడా ఉంటే, ఆయిల్ మార్చితే బాగవుతుందన్న మాట నమ్మకండి. కాలిన ప్లేటుకి కొత్త ఆయిల్ ప్రాణం పోయదు. ఆ బండితో ఓఆర్‌ఆర్ ఎక్కొద్దు. తాడు కట్టి లాగించొద్దు కూడా, ఫ్లాట్‌బెడ్ పిలవండి.

అప్పుడు కూడా దింపే ముందు కింద ఆయిల్ పాన్ విప్పించి, మీరు దగ్గరుండి చూడండి. కొన్నిటిలో విప్పే పాన్ ఉండదు, అప్పుడు తీసిన ఆయిల్‌నే చూడాలి. పాన్‌లో అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిద రంగు సన్నటి పేస్ట్ అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదలే. తళతళలాడే ఇనుప ముక్కలుంటే మెకానిక్ చెప్పింది నిజమే, ఇక రేటు మాట్లాడుకోండి. అక్కడే ఫోటో తీసుకుని ఇంకో గ్యారేజ్‌కి కూడా చూపించండి.

సీవీటీ వీడియో కావాలంటే కారు పేరు, ఇయర్ రాసి పంపండి. ఉంటాను, బై.