వృద్ధసేవయందు మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



మన మహాసభలయందు బాలుర చదువులను గూర్చియు, యువకుల యుద్యోగములను గూర్చియు ఏటేట ముచ్చటించుకొనుచున్నాము. అది యుచితమే. కాని మనకు గాలివాటు నెఱిగించి, అలల నడుమ పడవ నడుపుట నేర్పిన పెద్దలను గూర్చి మనము తీర్మానించినది స్వల్పము. నలువదేండ్లు తెడ్డు పట్టిన చేయి నేడు మంచినీళ్ల చెంబు నెత్తజాలక వణకుచున్నది. మైపాడు మొదలు ఇస్కపల్లి, జువ్వలదిన్నెల వఱకు ఏ పల్లెపాళెమునకు బోయినను ఇట్టివారు పంచలలో గూర్చుండి కానవచ్చెదరు. వారి యారోగ్యమునకై మన సంఘము చేయదగిన దేమో విన్నవించుటకే మేమీ వేదికపై నిలిచితిమి.

ప్రభుత్వ మేమియు జేయలేదనుట న్యాయము గాదు. తల్లిదండ్రుల పోషణకై 2007వ సంవత్సరమున చట్టము వచ్చినది. బిడ్డలు పోషింపనిచో వృద్ధులు ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. వృద్ధుల వైద్యమునకై 2010–11లో జాతీయ కార్యక్రమ మేర్పడినది. మన రాష్ట్రమున సాధారణముగా 60 ఏండ్లకు లభించు పింఛను మత్స్యకారులకు 50 ఏండ్లకే లభించును. 2024 జూలై నుండి అది నెలకు 4,000 రూపాయలైనది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో రక్తపుపోటునకును, మధుమేహమునకును మాత్రలు వెల లేకయే యిత్తురు.

అయినను కొఱత యెక్కడ? కుమారుడు తెల్లవాఱకమునుపే వేటకు బోవును, లేదా పని వెదకుకొని చెన్నపట్టణము చేరును. కోడలు చేపల గంప నెత్తిన బెట్టుకొని సంతకు బోవును. ఆసుపత్రి కలదు, మాత్ర కలదు, ముసలివాడును గలడు. నడుమ చేయిపట్టి తోడ్కొనిపోవు మనుజుడు లేడు. ఈ లోటును చట్టము తీర్పజాలదు, ఇరుగుపొరుగువారే తీర్పవలయును.

రక్తపుపోటు సాధారణముగా నొప్పి తెలియనీయని వ్యాధి. "బాగుగనే యున్నాను గదా" యని మాత్రలు మానినవారు ఒకనాడు పక్షవాతమున మంచము పట్టుచున్నారు. ఎండుచేపలు, ఊరగాయలు మన భోజనమున మెండు. ఉప్పు మితిమీఱిన పోటు హెచ్చును. ఏండ్ల తరబడి యెండలో నీటి మిఱుమిట్లను జూచుటయు శుక్లములు గ్రమ్ముట కొక కారణము. శస్త్రచికిత్సచే పలువురకు చూపు మరల వచ్చును. అయినను "ఈ వయసున నాకు కన్ను లేల?" యని వారందురు, మనమును సరే యందుము. వయసు మీఱినకొలది దప్పిక సరిగా దెలియదు. వేసవిలో నీరిచ్చి త్రావించువారు లేక సొమ్మసిల్లువారు గలరు.

సేవాధర్మము మన సీమకు క్రొత్త గాదు. మైపాటికి అనతిదూరమున, పెన్నయొడ్డునగల పల్లిపాటియందు 1921 ఏప్రిల్ 7న గాంధీమహాత్ముడు పినాకిని సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. పొణకా కనకమ్మగారు భూమి నిచ్చిరి. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వేంకటకృష్ణయ్యగార్లు తమ జీవితమునే యిచ్చిరి. దాతయు సేవకుడును గలిసినగాని కార్యము సాగదని యీ చరిత్ర చాటుచున్నది. నేటి కాలమున కేరళమునందలి మలప్పురము జిల్లావారు ఇంకొక మార్గము జూపిరి. తీరని వ్యాధులతో మంచము పట్టినవారిని జూచుటకై పొరుగువారే శిక్షణ పొంది, వారమునకు రెండు గంటలు కేటాయించుకొనిరి. ఇంటింట చిన్న చందాలు వసూలు చేసి ఖర్చులు గడపుకొనిరి.

మనమును పల్లెకు నలుగురు సేవకుల నేర్పఱచుకొందము. అందిద్దఱు స్త్రీలు కావలయును. పెద్దల పేరులు, వారి వ్యాధులు, వాడు మాత్రలు ఒక పుస్తకమున వ్రాసికొనవలయును. వారమున కొకసారి యింటికి బోయి పలుకరించి, మాత్రలు వేసికొనుచున్నారో లేదో విచారింపవలయును. నెలకొకసారి ఆరోగ్య కేంద్రమునకు గొనిపోయి పోటు చూపింపవలయును. సేవకుడు వైద్యుడు గాడు. మందు మార్చుటకు వాని కధికారము లేదు. పల్లె చివర యానాది సోదరుల గుడిసెలయందలి పెద్దల పేరులును ఆ పుస్తకమున నెక్కవలయును. ముసలితనమునకు కులము లేదు గదా!

ఆ పుస్తకము తుపానునాడును అక్కఱకు వచ్చును. 1927 నవంబరు గాలివానను మన తాతలు చూచిరి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీని మనమే చూచితిమి. ఇల్లు విడువనని మొరాయించు అవ్వ యెవరు, నడువలేని తాత యెవరు, ఎవరి నెవరు మోసికొని పోవలయును — ఇది గాలి లేవకమునుపే నిర్ణయింపబడి యుండవలయును.

"తల్లిదండ్రులను జూచుట కొడుకుల ధర్మము, సంఘమున కేమి పని?" యని కొందఱడుగవచ్చును. ధర్మము కొడుకులదే. కాని అలివివల నొక్కడు లాగజాలునా? సంతానము లేనివారి గతి యేమి? కొడుకు సముద్రముపాలైన తల్లి యెవరి ధర్మమునకు బోవలయును?

పోషక మహాశయులారా! మండపములకు మీరు విరాళము లొసగుచునే యున్నారు. శిలాఫలకములపై మీ పేరులు వెలుగుచున్నవి. ఈ కార్యమునకు శిలాఫలక ముండదు. బండిబాడుగ, పోటు చూచు యంత్రము, కంటి యద్దములు — ఖర్చు లింతియే. కొంగ్రొత్త భవనమునకు ముందు ఒక్క సంవత్సరపు నిధిని దీనికి కేటాయింపుడని వినయముతో వేడుచున్నాము. యువకులారా! మీరు ధన మీయ నక్కఱలేదు. వారమునకు రెండు గంటలిండు.

ఈ దినముననే తీర్మాన మంగీకరించి, సభ ముగియకమునుపే ప్రతి పల్లెపాళెమునుండి నలుగురి పేరులు వ్రాసి యిచ్చినయెడల ఈ మహాసభ సార్థకమగును. ముదుసలుల దీవెన మన పడవలకు తోడుగాక!