కందుకూరివారి యిల్లు – మన ఋణము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు నీ సభలో తీర్మానములు రానున్నవి. అవి యవశ్యకర్తవ్యములే. నేను మాత్ర మొక యింటిని గూర్చి నాలుగు మాటలు విన్నవింప నిలిచితిని. అది రాజమహేంద్రవరమందలి కందుకూరి వీరేశలింగము పంతులుగారి గృహము. రాష్ట్ర పురావస్తుశాఖవారి రక్షణలో నది స్మారకగృహముగా నున్నది.

పంతులుగారు 1848 ఏప్రిలు 16న రాజమహేంద్రవరమున జన్మించి, 1919 మే 27న చెన్నపట్టణమున కీర్తిశేషులైరి. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిరి. రాజశేఖర చరిత్రమును రచించిరి. ఇవి బాలురు సయితము పాఠ్యపుస్తకములలో చదువుకొనునట్టివే. 1881 డిసెంబరు 11న ఆయన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. పిదప బహిష్కారము వచ్చెను. వంటవారు రామనిరి, నీరు తెచ్చువారు మానిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి స్వయముగా నీరు మోసి తెచ్చి, అందఱకును వండి వడ్డించిరి. కాబట్టి ఆ యిల్లు పంతులుగారి జ్ఞాపకమే కాదు, ఆ యిల్లాలి జ్ఞాపకమును గూడ.

ఉపాధ్యాయుడనై యున్న కాలమున నేనొకపరి బాలురను ఆ యింటికి తోడ్కొనిపోతిని. ఒక పిల్లవాడు, “మాస్టారూ, ఇంత మంచివారిని వెలివేసిన దెవరండీ?” అని యడిగెను. నాకు మాట రాలేదు. మా ముత్తాతగారు ఆ పెండ్లికి పోయి తాంబూలము పుచ్చుకొని, వెలికి వెఱచి ప్రాయశ్చిత్తము చేసికొనిరని మా నాయనమ్మ చెప్పెడిది. వెలివేసినవారు పరాయివారు కారు, మన పెద్దలే. నేడు మన సంఘభవనములలో పంతులుగారి పటమును గట్టి, ఆయన మనవాడని చెప్పుకొనుచున్నాము. ఆనాడు కాదన్నవారి సంతతికి ఈనాడు మనవాడనుట సులభము. ఋణము తీర్చుట కష్టము.

ఋణము తీరు విధమును మనవిచేసెదను. ప్రాతయింటికి శత్రువులు రెండు: వాననీరును, ఆలోచన లేని మరమ్మతును. సున్నపు గోడకు సిమెంటు పూసినచో లోని చెమ్మ వెలికి రాజాలక గోడనే తినివేయును. కావున ఉత్సాహముచే మనమే కూలివాండ్రను బంపి పని చేయింపరాదు. అధికారులతో సంప్రదించి, సున్నపుపని యెఱిగిన వారిచేతనే చేయించుటకు ధనసాహాయ్యము చేయవలెను. తొలకరికి ముందే పైకప్పును పరీక్షింపుడని యేటేట వారిని కోరవలెను.

రెండవది, మన యిండ్ల అటకలమీద ఆనాటి పత్రికల ప్రతులు, ఉత్తరములు, పుస్తకముల తొలి ముద్రణములు చెదలపాలగుచుండ వచ్చును. వానిని వెదకి, రసీదు పుచ్చుకొని, అధికారుల కప్పగింపుడు. మూడవది, ఏటేట ఏప్రిలు 16న మన పిల్లలను మాత్రమే గాక అన్ని కులముల పిల్లలను ఆ యింటికి గొనిపోవుడు. ఆనాడు ఆయనకు ధనమిచ్చి యాదుకొన్న పైడా రామకృష్ణయ్యగారు మన కులమువారు కారు, కాకినాడ వైశ్యప్రముఖులు. ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పుడు.

కడపట నొక్క ప్రార్థన. మనము సొమ్మిచ్చినను ఆ గోడమీద మన సంఘము పేరు చెక్కింపవలదు. కులపుటెల్లను దాటినందులకే గదా ఆయనకు వెలి! ఆ యింటికి మరల కులముద్ర వేయుట రెండవమాఱు వెలివేయుటయే యగును. మా ముత్తాతగారు భయముచే ఆ గడప దిగివచ్చిరి. ఈ తీర్మానమును మీరంగీకరించినచో, ఆయన మునిమనుమడనైన నేను తలయెత్తి ఆ గడప నెక్కగలను.