రూప్‌కుండ్ ఎముకలు ఎవరివి?

ఉత్తరాఖండ్‌లో త్రిశూల్ పర్వతం ఒడిలో, సుమారు 5,000 మీటర్ల ఎత్తున రూప్‌కుండ్ అనే చిన్న మంచు సరస్సు ఉంది. వాన్ గ్రామం నుంచి బేదినీ పచ్చికబయళ్ల మీదుగా రోజుల తరబడి నడవాలి. 1942లో ఒక అటవీ రేంజర్ అక్కడ మనుషుల ఎముకలు చూశారు. వందలమందివి!

అక్కడి పల్లెల్లో ఒక పాట ఉంది. కనౌజ్ రాజు నాట్యకత్తెలతో యాత్రకొస్తే నందాదేవి కోపించి వడగళ్లు కురిపించిందట. కొన్ని పుర్రెల మీద పైనుంచి పడ్డ దెబ్బలను నిపుణులూ చూశారు. కాబట్టి పాటను కట్టుకథని మేం తోసెయ్యం. అలాగని చరిత్రంతా పాటలోనే లేదు. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ పాల్గొన్న పరిశోధన 2019లో వెలువడింది. 38 మంది డీఎన్ఏ పరీక్షిస్తే 23 మంది దక్షిణాసియా వాళ్లని తేలింది. వాళ్లూ అందరూ ఒకేసారి పోలేదు. 14 మంది మాత్రం తూర్పు మధ్యధరా మూలాలవాళ్లు, సుమారు 200 ఏళ్ల కిందటివాళ్లు! అంతదూరం ఎందుకొచ్చారో ఇంకా తేలలేదు.

తేలకముందే యాత్రికులు ఎముకలను జ్ఞాపికలుగా సంచుల్లో వేసుకుపోయారు. మన పెద్దల పేరున నిలిపిన రాళ్లను ఎవరైనా అలా ఎత్తుకుపోతే ఊరుకుంటామా? ఆ పచ్చికబయళ్లలో రాత్రి బసను 2018లో అక్కడి హైకోర్టు నిషేధించింది.

మన మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కాక మన పిల్లలకూ కొండల మీద మనసు పడింది. అటు వెళ్తే ఎముక ముట్టకండి. వాన్‌లో ముసలమ్మలు ఆ పాట పాడితే మాత్రం రాసుకురండి, మేమూ వింటాం.